‘వన్’ పదం: ఉచ్చారణ, అర్థ పరిణామం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లిషులో ఒకటి అనే సంఖ్యను తెలిపే పదాన్ని ఓ–ఎన్–ఇ అనే మూడు అక్షరాలతో రాస్తారు, ‘వన్’ అని పలుకుతారు. రాతలో లేని వకారం పలుకులోకి ఎప్పుడు, ఎక్కడ నుంచి వచ్చింది, ఆ మార్పు సోకని బంధుపదాలు ఏవి, సంఖ్యావాచకంగా మొదలైన మాట ఎన్ని అర్థాలకు విస్తరించింది అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు ‘ఒక’, ‘ఒకటి’ పదాల ముందు వినిపించే వకారశ్రుతితో దీనిని పోల్చి, ఉచ్చారణలో ‘శుద్ధం’, ‘మొరటు’ అనే విభజనకు చారిత్రకంగా ఎంత ఆధారముందో చర్చిస్తుంది.

కీలకపదాలు: ధ్వనిపరిణామం, వర్ణక్రమం, వకారశ్రుతి, మాండలికం, ప్రామాణిక భాష, అర్థవిస్తరణ.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట పౌరాణిక పద్యనాటకాల ప్రదర్శనలో నటుడు పద్యాన్ని రాగయుక్తంగా ముగించగానే ప్రేక్షకుల నుంచి ‘వన్స్‌మోర్’ అనే కేక వినిపించడం పరిపాటి. ఇంగ్లిషు చదువు లేనివారి నోట కూడా ఆ మాట తేలికగా పలికింది. వన్‌వే, వన్‌డే మ్యాచ్, నెంబర్ వన్ వంటివి అదే దారిలో తెలుగు వ్యవహారంలో కుదురుకున్నాయి. విని నేర్చుకున్నవారికి ఈ మాటలతో చిక్కు లేదు. అక్షరాలు చూసి నేర్చుకునేవారికే చిక్కు.

ఓ–ఎన్–ఇ అనే అక్షరాల కూర్పు ముందు ‘బి’ చేర్చితే ‘బోన్’, ‘టి’ చేర్చితే ‘టోన్’ అవుతుంది. ‘డి’ చేర్చితే ‘డన్’, ‘జి’ చేర్చితే ‘గాన్’ అవుతుంది. ముందు ఏ హల్లూ లేకుండా ఉన్నప్పుడు మాత్రం ఎక్కడా కనబడని వకారంతో ‘వన్’ అవుతుంది. దీనిని ‘ఓన్’ అని చదివిన విద్యార్థిని తరగతి నవ్వుతుంది. ఇంగ్లిషు రాతకు పద్ధతి లేదనే అభిప్రాయం ఇటువంటి చోటనే బలపడుతుంది.

అయితే ‘ఓన్’ అనే ఉచ్చారణ ఇంగ్లిషు భాషకు కొత్తది కాదు. కొన్ని శతాబ్దాల పాటు చదువుకున్న ఇంగ్లిషువారు ఆ పదాన్ని దాదాపు అలాగే పలికారు. నేడు ప్రామాణికమైన ‘వన్’ అప్పుడు ఒక ప్రాంతపు మాండలిక రూపం. ఆ రూపం పైకి వచ్చిన క్రమాన్ని తెలుసుకుంటే రాతకూ పలుకుకూ నడుమ ఉన్న దూరం అర్థమవుతుంది. ఉచ్చారణలోని తప్పొప్పులను నిర్ణయించేది ఏమిటన్న ప్రశ్నకు కూడా కొంత సమాధానం దొరుకుతుంది.

2. ‘ఆన్’ నుంచి ‘ఓన్’ వరకు

ప్రాచీన ఆంగ్లంలో ఈ పదం ‘ఆన్’. మొదటి అచ్చు దీర్ఘం. జర్మన్ ‘ఐన్’, డచ్ ‘ఏన్’, గోథిక్ ‘ఐన్స్’ దీని సోదర రూపాలు. లాటిన్ ‘ఊనుస్’ కూడా ఈ కుటుంబంలోనిదే. దాని పాత రూపం ‘ఒయ్‌నొస్’. భాషాశాస్త్రజ్ఞులు వీటన్నిటికీ ‘ఒయ్’ అనే ఇండో–యూరోపియన్ మూలాన్ని పునర్నిర్మించారు. అదే మూలానికి ‘న’ బదులు ‘క’ ప్రత్యయం చేరగా ఏర్పడినది సంస్కృత ‘ఏక’ శబ్దం. అంటే తెలుగువారు తత్సమంగా వాడే ‘ఏకాంతం’, ‘ఏకైక’ వంటి పదాలకు ఇంగ్లిషు ‘వన్’ దూరపు చుట్టం. తెలుగు ‘ఒక’ మాత్రం ద్రావిడ పదం. ‘ఏక’తో దానికి జన్యసంబంధం లేదు.

పన్నెండో శతాబ్ది నుంచి దక్షిణ, మధ్య ఇంగ్లండులో దీర్ఘ ఆకారం క్రమంగా ఓకారం వైపు జరిగింది. మొదట అది ఆకార ఓకారాల నడుమ పలికే వివృత ఓకారం. ఈ మార్పు ఒక్క పదానికి పరిమితం కాలేదు. రాయి అనే అర్థంలోని ‘స్టాన్’ ‘స్టోన్’ అయింది. ఇల్లు అనే అర్థంలోని ‘హామ్’ ‘హోమ్’ అయింది. ‘ఆక్’ అనే చెట్టు పేరు ‘ఓక్’ అయింది. అదే క్రమంలో ‘ఆన్’ ‘ఓన్’ అయింది. పద్నాలుగో శతాబ్దికి చెందిన చాసర్ కవి రచనల ప్రతులలో ఈ పదం రెండు ఓ అక్షరాలతో ‘ఓ–ఓ–ఎన్’ అని కనిపిస్తుంది. ఆ జంట అక్షరం దీర్ఘానికి గుర్తు.

ఉత్తరాన ఈ మార్పు జరగలేదు. అక్కడ పాత ఆకారం వేరొక దారి పట్టి ‘ఏన్’ వైపు నడిచింది. స్కాట్లండు రచనలలో కనిపించే ఎ–ఎన్–ఇ అనే రూపం దాని ఫలితం. నేటి స్కాట్లండు వ్యవహారంలో వినిపించే ‘యిన్’ కూడా ఆ శాఖకు చెందినదే. కనుక మధ్యయుగాలలోనే ఒక్క సంఖ్యకు ప్రాంతాన్ని బట్టి పలు ఉచ్చారణలు ఉన్నాయి. వాటిలో దేనికీ దేశవ్యాప్తమైన అధికారం అప్పటికి లేదు.

ఇక్కడ ఒక అంశం గమనించాలి. ‘స్టోన్’, ‘హోమ్’ నడిచిన దారిలోనే ఈ పదం చివరిదాకా నడిచి ఉంటే నేడు అందరూ ‘ఓన్’ అనే పలికేవారు. అక్షరాలు చూసి ‘ఓన్’ అని చదివిన విద్యార్థి భాషాచరిత్ర ప్రకారం రావలసిన రూపాన్నే పలుకుతున్నాడు. దారి తప్పింది విద్యార్థి కాదు, పదం.

3. వకారం చేరిన తీరు

పశ్చిమ, నైరుతి ఇంగ్లండు మాండలికాలలో పదాది ఓకారాన్ని పలికేటప్పుడు పెదవులు ముందుగానే గుండ్రంగా ముడుచుకుని, అచ్చుకు ముందు చిన్న ఉకారం వినిపించడం మొదలైంది. అంటే ‘ఓన్’ ‘ఉఓన్’ అయింది. ఆ ఉకారం బిగిసి వకారమైతే ‘వోన్’. వకారం పక్కన ఉన్న ఓకారం మరింత పైకి జరిగి ‘వూన్’, అది కురుచై ‘వున్’ అయింది. పదిహేడో శతాబ్దిలో దక్షిణ ఇంగ్లండులో హ్రస్వ ఉకారం చాలా పదాలలో అకారానికి దగ్గరగా మారింది. సూర్యుడు అనే అర్థంలోని ‘సున్’ ‘సన్’ అయినట్లే ‘వున్’ ‘వన్’ అయింది. మెట్టు మెట్టుగా చూస్తే ప్రతి మార్పుకూ కారణం ఉంది. మెట్లు కనబడనప్పుడే అది వింతగా తోస్తుంది.

ఈ వకారం పద్నాలుగో శతాబ్ది నాటికే పశ్చిమాన మొదలైందని భావిస్తారు. దానికి రాతలో దొరికే సాక్ష్యాలలో బైబిలు అనువాదకుడు విలియం టిండేల్ వాడిన వర్ణక్రమం ఒకటి. ఆయన నూతన నిబంధన అనువాదం 1526లో జర్మనీలోని వోర్మ్స్ నగరంలో అచ్చయింది. గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో పుట్టిన టిండేల్ ఈ సంఖ్యను డబ్ల్యు–ఓ–ఎన్ అని రాశాడు. గెలిచాడు అనే అర్థంలో నేడు వాడే ‘వన్’ వర్ణక్రమం కూడా అదే. తన ప్రాంతపు చెవికి ఎలా వినిపించిందో అలాగే రాశాడన్నమాట.

ఆ రాత నిలవలేదు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో పదం ఓ–ఎన్–ఇ గానే ఉంది. అంతేకాక ‘అటువంటి ఒకడు’ అనే అర్థం వచ్చే పదబంధంలో పలుచోట్ల దీని ముందు ‘ఎ’కు బదులు ‘యాన్’ వాడారు. అచ్చుతో మొదలయ్యే పదం ముందే ‘యాన్’ రావాలి. కనుక ఆ వర్ణక్రమం వకారం లేని ఉచ్చారణ నుంచి పుట్టినది. షేక్‌స్పియర్ సానెట్లు 1609లో అచ్చయ్యాయి. వాటిలోని 36వ సానెట్‌లో ఈ పదానికి ‘అలోన్’తో అంత్యప్రాస కుదిరింది. నేటి ఉచ్చారణలో ఆ ప్రాస చెడుతుంది. ఆనాటి ఉచ్చారణలో చెడలేదు.

వకారం ఈ ఒక్క పదానికే చేరలేదు. పశ్చిమ మాండలికాలలో ‘ఓక్’ చెట్టు ‘వోక్’ అయింది. ‘ఓట్స్’ ధాన్యం ‘వట్స్’ అయింది. పందొమ్మిదో శతాబ్దిలో డార్సెట్ మాండలికంలో కవిత్వం రాసిన విలియం బార్న్స్ ‘ఓక్’ను వకారంతోనే రాశాడు. ఒకే నేల నుంచి ఒకే రీతిన మొలిచిన ఈ రూపాలకు తరువాతి కాలంలో దక్కిన మర్యాద మాత్రం ఒకటి కాదు.

4. మొరటు పలుకు, మర్యాద పలుకు

పదిహేడో శతాబ్దిలో ఇంగ్లిషు ఉచ్చారణను నియమబద్ధం చేయాలని పలువురు వైయాకరణులు ప్రయత్నించారు. వారిలో క్రిస్టఫర్ కూపర్ ఒకడు. 1687లో వెలువడిన ‘ది ఇంగ్లిష్ టీచర్’ గ్రంథంలో అతడు మొరటు ఉచ్చారణల పట్టికను ఇచ్చి వాటిని మానుకోవాలని బోధించాడు. ‘ఓట్స్’ను వకారంతో పలకడం ఆ పట్టికలో చేరింది. వకారం చేరిన ఓట్స్ అనాగరికమైంది.

శతాబ్దం గడిచాక 1791లో లండన్‌లో జాన్ వాకర్ ఉచ్చారణ నిఘంటువు వెలువడింది. పెద్దమనుషుల ఇంగ్లిషుకు చాలాకాలం ప్రమాణంగా నిలిచిన గ్రంథమది. అందులో ఓ–ఎన్–ఇకి వాకర్ ఇచ్చిన ఉచ్చారణ ‘వన్’. ఈ పదాన్ని, దాని బంధుపదాలను పలికే తీరును బట్టి మనిషి రాజధానిలో నివసించినవాడో కాదో తెలుసుకోవచ్చునని కూడా అతడు వ్యాఖ్యానించాడు. దేశంలోని ఇతర ప్రాంతాలలో ‘టోన్’లోని ఓకారంతోనో ‘గాన్’లోని అచ్చుతోనో పలికేవారు ఉన్నారని గుర్తించి, వాటిని పక్కన పెట్టాడు.

ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన పెడితే చరిత్రలోని వైచిత్రి తెలుస్తుంది. ‘వట్స్’, ‘వన్’ రెండింటిలోనూ ఉన్నది ఒకే రకమైన వకారం. ఒకటి మొరటుతనానికి గుర్తయింది. మరొకటి నగర మర్యాదకు గుర్తయింది. ధ్వనిలో తేడా లేదు. పలికినవారి స్థానంలో, రాజధాని ఆమోదంలో తేడా ఉంది. పల్లె రూపం పట్నానికి చేరి అక్కడ స్థిరపడినప్పుడు దాని పుట్టుక మరుగున పడింది. అక్కడికి చేరని రూపం యాసగా మిగిలింది.

మరి రాత ఎందుకు మారలేదు? విలియం క్యాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం నెలకొల్పాడు. ఆ తరువాతి రెండు శతాబ్దాలలో ముద్రాపకుల చేతిలో వర్ణక్రమం గట్టిపడుతూ వచ్చింది. అప్పటికి వకార రూపం ఇంకా ప్రాంతీయమే. అది లండన్‌లో పైచేయి సాధించే నాటికి ఓ–ఎన్–ఇ అనే రాత పుస్తకాలలో స్థిరపడిపోయింది. రాత పాత ఉచ్చారణ దగ్గర ఆగింది, నోరు ముందుకు నడిచింది.

దీనికి సరిగ్గా ఎదురైన ఉదాహరణ కూడా ఉంది. పూర్తి అనే అర్థంలోని ‘హోల్’ పదం ప్రాచీన ఆంగ్ల ‘హాల్’ నుంచి వచ్చింది. పదిహేనో శతాబ్దిలో దాని రాతలో డబ్ల్యు అక్షరం చేరింది. ఆ అక్షరం నేటికీ ఉంది, ప్రామాణిక ఉచ్చారణలో వకారం లేదు. ఒక పదంలో వకారం పలుకుతుంది, రాతలో లేదు. మరొక పదంలో రాతలో ఉంది, పలకదు.

5. వకారం సోకని బంధుపదాలు

‘వన్’కు పుట్టిన పదాలను పరిశీలిస్తే అర్థ విస్తరణతోపాటు ఉచ్చారణ చరిత్ర కూడా బయటపడుతుంది. ‘ఓన్లీ’ అంటే మాత్రమే. దాని ప్రాచీన రూపం ‘ఆన్‌లిక్’. అక్షరార్థం ‘ఒకటి వంటిది’. ‘అలోన్’ అంటే ఒంటరిగా. ‘పూర్తిగా’ అనే అర్థమిచ్చే ‘ఆల్’ మీద ‘ఓన్’ చేరి ఏర్పడిన సమాసమిది. ‘పూర్తిగా ఒకటే’ అని దాని మూలార్థం. కాలక్రమంలో దాని ముందరి అచ్చును విడగొట్టి ‘లోన్’ అనే విశేషణాన్ని సృష్టించుకున్నారు. ‘లోన్లీ’ దాని నుంచి వచ్చింది.

‘అటోన్’ అనే క్రియ కథ మరింత ఆసక్తికరం. ‘ఒకటిగా’ అనే అర్థంలోని ‘అట్’, ‘ఓన్’ పదాల కలయిక అది. విడిపోయినవారు మళ్లీ ఒకటి కావడం దాని తొలి అర్థం. దేవునికీ మనిషికీ నడుమ సఖ్యతను తెలపడానికి టిండేల్ తన బైబిలు అనువాదంలో ‘అటోన్‌మెంట్’ పదాన్ని వాడాడు. తరువాత ఆ మాట ప్రాయశ్చిత్తం, తప్పుకు పరిహారం అనే అర్థాలకు మళ్లింది. సంఖ్యను వకారంతో రాసిన టిండేల్ వాడిన ఈ పదమే వకారం లేని పాత ఉచ్చారణను నేటికీ మోస్తున్నది.

‘నన్’ అంటే ఏదీ లేదు, ఎవరూ లేరు. ఇది ‘ఆన్’ ముందు నిషేధార్థక నకారం చేరిన ‘నాన్’ నుంచి వచ్చింది. ముందు హల్లు ఉన్నందున ప్రామాణిక రూపంలో దీనికి వకారం చేరలేదు, అచ్చు మాత్రం ‘వన్’లో వలె కురుచైంది. ఇదే ‘నాన్’ హల్లుల ముందు నకారాన్ని కోల్పోయి ‘నో’ అనే విశేషణమైంది. ‘వన్స్’ షష్ఠీ ప్రత్యయం చేరిన క్రియావిశేషణం. ఒకసారి, ఒకప్పుడు అనే రెండర్థాలూ దానికి ఉన్నాయి. ఇది మాత్రం ‘వన్’ వెంట నడిచి వకారాన్ని స్వీకరించింది.

‘ఎలెవెన్’లోనూ ఈ సంఖ్య దాగి ఉంది. ప్రాచీన ఆంగ్లంలో ‘ఎండ్‌లెయోవన్’ వంటి రూపంలో ఉన్న ఆ మాటకు, పది పోగా ‘ఒకటి మిగిలినది’ అని అర్థం. తెలుగు ‘పదకొండు’ పాత రూపం ‘పదునొకండు’, అంటే పది మీద ఒకటి. ఇంగ్లిషు మిగులును లెక్కించింది, తెలుగు కూడికను లెక్కించింది.

6. సంఖ్య నుంచి ఆర్టికల్, సర్వనామం

నొక్కి పలికిన ‘ఆన్’ సంఖ్యగా నిలిచింది. వాక్యంలో నొక్కు లేకుండా వచ్చిన ‘ఆన్’ కురుచై ‘అన్’ అయింది. పన్నెండో శతాబ్ది నుంచి హల్లుల ముందు దాని నకారం కూడా జారిపోవడం మొదలై ‘అ’ మిగిలింది. నేటి ‘యాన్’, ‘ఎ’ అనే ఆర్టికళ్లు ఇలా వచ్చినవే. పాఠశాలలో ‘ఎ’ అసలు రూపమనీ, అచ్చుల ముందు దానికి నకారం చేరుతుందనీ బోధిస్తారు. ప్రయోగానికి ఆ సూత్రం చాలు. చరిత్రలో జరిగింది మాత్రం దానికి విరుద్ధం. అచ్చుల ముందు నకారం చేరలేదు, హల్లుల ముందు ఊడిపోయింది.

ఊడిన నకారం కొన్ని పదాల సరిహద్దులను కూడా చెరిపింది. వంటలో కట్టుకునే ‘ఏప్రన్’ మొదట ‘నేప్రన్’. ముందరి ‘ఎ’తో కలిపి పలకగా నకారం ఆర్టికల్‌కు చెందినదని పొరబడి విడదీశారు. పాము పేరైన ‘ఆడర్’, ఆటలో తీర్పరి అయిన ‘అంపైర్’ ఇలాగే తమ నకారాన్ని పోగొట్టుకున్నాయి. ‘నిక్‌నేమ్’ అందుకు భిన్నంగా ఆర్టికల్ నుంచి నకారాన్ని తెచ్చుకుంది. క్రికెట్ మైదానం ద్వారా తెలుగు పల్లెలకు చేరిన ‘అంపైర్’ మాటలో లేని నకారం, ఒకటి అనే సంఖ్య మిగిల్చిన జాడ.

సర్వనామంగా కూడా ఈ పదం స్థిరపడింది. ప్రాచీన ఆంగ్లంలో ‘ఎవరైనా’ అనే సామాన్యార్థంలో ‘మన్’ అనే సర్వనామం ఉండేది. పదిహేనో శతాబ్దికి అది వాడుక నుంచి తొలగింది. ఆ స్థానంలో ‘వన్’ ప్రవేశించింది. ఫ్రెంచిలో ఇదే పని చేసే ‘ఓఁ’ సర్వనామ ప్రభావం కూడా ఉండవచ్చునని కొందరు సూచించారు. ఆ ఫ్రెంచి పదం మనిషి అనే అర్థమిచ్చే లాటిన్ ‘హోమో’ నుంచి వచ్చింది, సంఖ్య నుంచి కాదు. ‘మంచిది’, ‘పెద్దది’ అనే చోట విశేషణం వెనుక నామానికి బదులుగా నిలిచే ‘వన్’ మరొక ప్రయోగం. జన వ్యవహారంలో ఇక్కడ ‘అన్’ అనే వకార రహిత రూపం నేటికీ వినిపిస్తుంది.

ఇలా ఒక్క మాట లెక్క, అనిశ్చితత్వం, ఒంటరితనం, పరిమితి, ఐక్యం, నిషేధం, కాలం, సామాన్య మానవుడు అనే అర్థాలకు విస్తరించింది. అర్థం దూరమైన కొద్దీ మాతృపదంతో సంబంధం పలుచబడింది. ‘వన్’లో వచ్చిన మార్పు ‘ఓన్లీ’కి, ‘అలోన్’కు చేరకపోవడానికి ఇదొక కారణం. ఆ పదాలను పలికినవారికి వాటి లోపల సంఖ్య ఉన్నదన్న స్పృహ అప్పటికే తగ్గింది.

7. తెలుగు ‘ఒకటి’తో పోలిక

ఈ పరిణామాన్ని తెలుగువారు తమ నోటిలోనే గమనించవచ్చు. ‘ఒకటి’ అని రాసిన పదాన్ని మామూలుగా పలికినప్పుడు ‘వొకటి’ అని వినిపిస్తుంది. పదాది ఒకారం ముందు వకారశ్రుతి, ఎకారం ముందు యకారశ్రుతి రావడం తెలుగు ఉచ్చారణ లక్షణం. ‘ఎవరు’ ‘యెవరు’ అని వినిపించడం రెండోదానికి ఉదాహరణ.

పందొమ్మిదో శతాబ్ది నడుమ పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలోని సంజ్ఞా పరిచ్ఛేదంలో, తెలుగు మాటలకు మొదట యకారం గాని, వు, వూ, వొ, వో అనే అక్షరాలు గాని ఉండవని సూత్రీకరించాడు. ఆ నియమం ప్రకారం ‘ఒక’ సాధువు, ‘వొక’ అసాధువు. పాత వ్రాతప్రతులలో కనిపించే వకార రూపాలు లేఖక దోషాల కింద చేరాయి. వ్యావహారిక భాషావాదం తరువాత కూడా ప్రామాణిక లేఖనం ‘ఒక’నే నిలుపుకుంది. ‘వొక’ అని రాసే రచయితలు కొందరున్నా అది వారి ప్రత్యేకతగానే పరిగణన పొందింది.

సూరి నియమానికి భాషలో ఆధారం లేకపోలేదు. మరి, ఒకటి కలిస్తే ‘మరొకటి’ అవుతుంది. అది, ఒకటి కలిస్తే ‘అదొకటి’ అవుతుంది. ‘వాడొకడు’ కూడా ఇటువంటిదే. పూర్వపదాంత స్వరం లోపించి ఒకారం నిలవడం, పదం స్వరంతోనే మొదలవుతున్నదని చెబుతుంది. వకారం పదంలో భాగమైతే ఈ సంధి కుదరదు. అయితే శ్రుతి పదంలో భాగం కాదనడం వేరు, దానిని పలకడం దోషమనడం వేరు. మొదటిది వ్యాకరణం తేల్చిన విషయం. రెండోది దానిపై చేరిన విలువకట్టే దృష్టి.

ఇంగ్లిషులో పరిస్థితి దీనికి భిన్నం. తెలుగులో వకారశ్రుతిని పదస్థానం బట్టి ముందే ఊహించవచ్చు కాబట్టి రాయకపోయినా నష్టం లేదు. ఇంగ్లిషులో ‘వన్’కు వకారం ఉండి ‘ఓన్లీ’కి లేనందున ఊహించే వీలు లేదు. అక్కడ అది పదంలో భాగమైపోయింది, అయినా రాతలోకి రాలేదు. రెండు భాషలలో వకారం పుట్టిన విధానం కూడా పూర్తిగా ఒకటి కాదు. ఇంగ్లిషులో అది నొక్కి పలికిన దీర్ఘాచ్చు చీలడం వల్ల వచ్చింది. తెలుగులో పదాది స్వరానికి ముందు పెదవుల సిద్ధపాటు వల్ల వస్తుంది. గుండ్రని అచ్చుకు ముందు పెదవులు తొందరపడడం మాత్రం రెండింటికీ సమానం.

అర్థ విస్తరణలోనూ పోలికలున్నాయి. ఒంటి, ఒంటరి అనే మాటలు ఏకత్వం నుంచి ఏకాకితనానికి చేరాయి, ‘అలోన్’ చేరినట్లే. ‘ఒక్క’ అనే ద్విత్వ రూపం ‘మాత్రమే’ అనే పరిమితిని సూచిస్తుంది. ‘ఒకప్పుడు’ గతించిన కాలాన్ని చెబుతుంది. కావ్యభాషలోని ‘ఒండొరులు’ పరస్పరం అనే అర్థాన్ని ఇస్తుంది. కథ మొదట్లో వచ్చే ‘ఒక రాజు’లో ఒక అనేది లెక్క కాదు, కొత్తవాడిని పరిచయం చేసే గుర్తు. అదే స్థానంలో ‘ఓ రాజు’ అని ఏకాక్షర రూపం కూడా చెల్లుతుంది. తమిళ సంప్రదాయ వ్యాకరణం హల్లుల ముందు ‘ఒరు’, అచ్చుల ముందు ‘ఓర్’ వాడాలని విధించడం ‘ఎ’, ‘యాన్’ విభజనను గుర్తుకు తెస్తుంది. జన్యసంబంధం లేని భాషలు కూడా ఒకటి అనే సంఖ్య విషయంలో ఒకే బాటలు తొక్కాయి.

8. ఉపసంహారం

‘వన్’ పదాన్ని ఒక్కొక్క పొరగా విప్పితే కాలాలు బయటపడతాయి. ఓ–ఎన్–ఇ అనే రాత మధ్యయుగపు ఓకారాన్ని దాచింది. ‘ఓన్లీ’, ‘అలోన్’, ‘అటోన్’ ఆ ఓకారాన్ని నేటి ఉచ్చారణకు అనుగుణంగా కొనసాగించాయి. ‘యాన్’ నొక్కు లేని పాత రూపాన్ని నిలిపింది. పశ్చిమ ఇంగ్లండు పల్లెల వకారం మాత్రం నోటిలో స్థిరపడింది. వీటిలో ఏదీ తప్పు కాదు. ప్రతిదానికీ తన కాలం, తన స్థలం ఉన్నాయి. తప్పొప్పుల తీర్పు ధ్వని నుంచి రాలేదు. ఆ ధ్వనిని పలికినవారికి సమాజంలో ఉన్న స్థానం నుంచి వచ్చింది.

భాషాబోధనలో ఈ ఎరుకకు ప్రయోజనం ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులలో పలువురు ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనీ, ‘ఓల్డ్’ను ‘వోల్డ్’ అనీ పలుకుతారు. మాతృభాషలోని వకారశ్రుతి పరభాషా పదాలకు వ్యాపించడం వల్ల జరిగే సహజ పరిణామమిది. ఉద్యోగ పరీక్షలలో, ముఖాముఖిలలో ఇది యాసగా, లోపంగా లెక్కకు వస్తుంది. ప్రామాణిక రూపాన్ని నేర్పడం ఉపాధ్యాయుని బాధ్యతే. కాని ఆ రూపాన్ని నేర్పేటప్పుడు విద్యార్థి నోటిని హీనపరచవలసిన అవసరం లేదు. ‘వోన్లీ’ అన్నందుకు అతడిని సరిదిద్దే ఇంగ్లిషులోనే, ఒకటి అనే అంకె దగ్గర, అటువంటి వకారమే రెండు శతాబ్దాలకు పైగా ప్రామాణికంగా చెలామణి అవుతున్నది.